విదేశంలో పుట్టినరోజు, నదిలో రాఫ్టింగ్: రాయగడ, బరంపురం వైపు తెలుగువాళ్ళు అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, జయపురం తెలుగు ఇళ్ళ నుంచి ఈ మధ్య తరచూ ఇవే ప్రశ్నలు వస్తున్నాయి. పిల్లాడికి పద్దెనిమిది నిండుతున్నాయి, లేదా ఇంటాయనకు నలభై వస్తున్నాయి. హాలు మాట్లాడి, కేక్ కోసి, బిర్యానీ పెట్టడం మొహం మొత్తింది. ఈసారి దేశం దాటి రాఫ్టింగ్, అంటే ఉరికే నదిలో గాలి పడవ మీద ప్రయాణం, చేద్దామనుకుంటున్నాం, ఎలా? ఎక్కువమంది అడిగినవి ముందు రాశాను, మిగిలినవి తోచిన వరసలో ఉన్నాయి.

మొదటిసారి వెళ్తున్నాం. ఏ దేశం, ఏ నది?

నేపాల్, త్రిశూలి నది. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు నేను వేరే పేరు చెప్పను. మనకు వీసా అక్కర్లేదు, హిందీ నడుస్తుంది, ఖర్చు అదుపులో ఉంటుంది. ఖాట్మండు నుంచి పోఖరా వెళ్ళే పృథ్వీ హైవే చాలా దూరం ఈ నది పక్కనే సాగుతుంది. చరౌడీ, ఫిస్లింగ్, కురింటార్ లాంటి చోట్ల రోడ్డు దిగితే నదిలోకి దిగినట్టే. నీళ్ళ మీద రెండు మూడు గంటలు గడిపి, ఒడ్డున భోజనం చేసి, సాయంత్రానికి గదికి చేరుకోవచ్చు.

ఇంట్లో పెద్దవాళ్ళకు ఇంకో మంచి మాట చెప్పొచ్చు. శివుడు గోసాయికుండ దగ్గర త్రిశూలం గుచ్చితే మూడు ధారలు పుట్టాయనీ, ఆ నదే ఇదనీ అక్కడివాళ్ళ నమ్మకం. కిందికి వెళ్ళాక దేవఘాట్ దగ్గర కాళీగండకితో కలిసి నారాయణి అవుతుంది. మన దేశంలోకి గండక్ పేరుతో వచ్చి గంగలో కలుస్తుంది. కురింటార్ నుంచే మనకామన అమ్మవారి గుడికి రోప్‌వే ఉంది, 1998 నుంచి నడుస్తోంది. కుర్రాళ్ళు నదిలో ఉన్నంతసేపు పెద్దవాళ్ళు పైన దర్శనం చేసుకుని రావచ్చు. ముక్తినాథ్ యాత్ర ఎలాగూ పెట్టుకున్నవాళ్ళు దారిలో ఒక రోజు దీనికి కేటాయిస్తే సరిపోతుంది.

మా బాబు పుట్టినరోజు జూలైలో. సరిగ్గా అదే రోజు నేపాల్‌లో చేయొచ్చా?

వద్దు. అన్నిటికన్నా ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే, అన్నిటికన్నా గట్టిగా చెప్పే జవాబు కూడా ఇదే. తేదీని నదికి తగ్గట్టు మార్చుకోవాలి గానీ, మన తేదీ కోసం నది ఆగదు.

జూన్ నుంచి సెప్టెంబరు మధ్య దాకా అక్కడ వానాకాలం. త్రిశూలి బురద రంగుకు మారి, మామూలుగా గ్రేడ్ 3 (నది ఎంత కష్టమో చెప్పే అంకె, కింద వివరించాను) ఉండే చోట్లు కూడా లెక్క తప్పుతాయి. వానల్లో నాగావళి ఒక్క రాత్రిలో ఎంత ఎక్కుతుందో రాయగడవాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. అక్కడ దానికి హిమాలయాల వాలు కూడా తోడవుతుంది. రోడ్డు సంగతి ఇంకా ఘోరం. 2024 జూలైలో సిమల్‌తాల్ దగ్గర కొండచరియ విరిగిపడి రెండు బస్సులు ప్రయాణికులతో సహా త్రిశూలిలోకి కొట్టుకుపోయాయి. 2025 జూలైలో వచ్చిన వరద రసువాగఢి దగ్గర నేపాల్, చైనాలను కలిపే వంతెననే ఎత్తుకుపోయింది. ఆ రోజుల్లో 'పర్లేదు సార్, వచ్చేయండి' అనే ఏజెంట్ దొరుకుతాడు. వాడి మాట వినకండి.

నిజానికి ఈ విషయంలో మనకు ఒక వెసులుబాటు ఉంది. మన ఇళ్ళల్లో పుట్టినరోజు ఇంగ్లీషు తేదీకి ఒకటి, తిథికో నక్షత్రానికో ఇంకొకటి ఎలాగూ ఉంటుంది. తిథి రోజు ఇంట్లో తలంటు, పరమాన్నం, మంగళహారతి, అక్షింతలు కానిచ్చేయండి. రాఫ్టింగ్‌ను అక్టోబరు, నవంబరుకో, మార్చి నుంచి మే లోపో పెట్టుకోండి. అక్టోబరులో ఒక చిక్కు ఉంది. మన దసరా సమయంలోనే వాళ్ళ దశైఁ పండుగ వస్తుంది, ఊరంతా సొంతూళ్ళకు కదులుతుంది, బస్సుల్లో సీట్లు దొరకవు. పండుగ దాటాక వెళ్తే నీళ్ళు తేటగా, ఆకాశం శుభ్రంగా ఉంటాయి.

జూలైలోనే కావాలని పట్టుబడితే బాలి వెళ్ళండి. అక్కడ అది వానలు తక్కువగా ఉండే కాలం. ఉబుద్ పక్కన ఆయుంగ్ నది గ్రేడ్ 2, 3 మధ్య ఉంటుంది, పిల్లలతో వెళ్ళడానికి బాగుంటుంది. నది దగ్గరికి వందల మెట్లు దిగాలి, తర్వాత మళ్ళీ ఎక్కాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు రాఫ్టింగ్ కన్నా ఆ మెట్లే పెద్ద పరీక్ష.

డిసెంబరు, జనవరిలో పుట్టినవాళ్ళ సంగతి?

త్రిశూలి నడుస్తుంది. కానీ అది మంచు కరిగి వచ్చే నీళ్ళు, పొద్దున్నే దిగితే వేళ్ళు కొంకర్లు పోతాయి. మధ్యాహ్నం ట్రిప్ తీసుకోండి, వెట్‌సూట్ (చలి ఆపే బిగుతు రబ్బరు దుస్తులు) ఇస్తారా అని ముందే అడగండి. బాలిలో అప్పుడు వానలు.

గ్రేడ్ 3, గ్రేడ్ 4 అంటారు. అదేమిటి?

నది ఎంత కష్టమో చెప్పే అంతర్జాతీయ కొలత, 1 నుంచి 6 దాకా ఉంటుంది. 1 అంటే పడవ షికారు. 2లో చిన్న అలలు, కాస్త తడుస్తారు. 3లో పడవ ముందుభాగం లేచి పడుతుంది, అరుపులు వస్తాయి, ఒకరిద్దరు నీళ్ళలో పడే అవకాశం ఉంది. మొదటిసారికి ఇదే హద్దు. 4లో గైడ్ చెప్పిన మాట ఆ క్షణంలోనే చేయాలి, ఆలస్యమైతే పడవ తిరగబడొచ్చు. 5 బాగా అనుభవం ఉన్నవాళ్ళకే. 6 అంటే సాధారణంగా డబ్బులు కట్టి వచ్చినవాళ్ళను తీసుకెళ్ళరు.

ఈ అంకె నదికి శాశ్వతంగా అంటించిన చీటీ కాదు. అదే నది మార్చిలో 3 ఉంటే ఆగస్టులో 4 దాటొచ్చు. అందుకే 'ఏ గ్రేడ్?' అని కాకుండా 'మేం వచ్చే వారంలో ఏ గ్రేడ్?' అని అడగండి.

ఆధార్ కార్డు ఉంది కదా, నేపాల్‌కు చాలదా?

పెద్దవాళ్ళకు చాలదు. విమానంలో వెళ్ళాలంటే పాస్‌పోర్టు గానీ, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు గానీ ఉండాలి, అదీ ఒరిజినల్. ఇది తెలియక ఎయిర్‌పోర్టు కౌంటర్ నుంచి వెనక్కి వచ్చినవాళ్ళు ఉన్నారు. 15 ఏళ్ళ లోపు పిల్లలకు, 65 దాటినవాళ్ళకు మాత్రం వయసూ గుర్తింపూ తెలిపే ఫోటో కార్డు, అంటే ఆధార్ లాంటిది, ఒప్పుకుంటారు. 15 నుంచి 18 మధ్య పిల్లలకు స్కూలు ప్రిన్సిపాల్ నిర్ణీత నమూనాలో ఇచ్చిన గుర్తింపు పత్రం పనికొస్తుంది. అదంతా తలనొప్పి అనుకుంటే పాస్‌పోర్టు తీసేయండి, ఇంకో దేశానికీ పనికొస్తుంది. బాలికి పాస్‌పోర్టు తప్పనిసరి, కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి.

పాస్‌పోర్టుకు భువనేశ్వర్ వెళ్ళాల్సిందేనా? పేర్ల తేడాలున్నాయి, ఇబ్బందా?

2018 నుంచి దేశంలో ఎక్కడైనా దరఖాస్తు చేసుకోవచ్చు. గుణుపురం, రాయగడ వాళ్ళకు విశాఖ దగ్గరనిపిస్తే అక్కడే అపాయింట్‌మెంట్ తీసుకోండి. పోలీసు విచారణ మాత్రం మీరు రాసిన చిరునామాలోనే జరుగుతుంది. 36 పేజీల పాస్‌పోర్టుకు పెద్దవాళ్ళకు 1,500 రూపాయలు, మైనర్లకు 1,000. తత్కాల్ అయితే ఇంకో 2,000.

పేర్ల సంగతి మాత్రం మన ప్రాంతానికే ప్రత్యేకమైన తలనొప్పి. ఒడియా మీడియం బడిలో చేర్చేటప్పుడు గుమాస్తా ఒడియా పలుకుబడిలో రాసుకుంటాడు. ఇంట్లో వెంకటరావు, సర్టిఫికెట్‌లో బెంకట రావు. ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఇంకో కాగితంలో వెనక, మూడోదాంట్లో ఒట్టి పొడి అక్షరం. ఆడపిల్లకు పెళ్ళయ్యాక ఆంధ్రా వైపు ఆధార్, పుట్టింటి వైపు ఓటరు కార్డు. ఊళ్ళో ఇవేవీ అడ్డురావు, ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర అడ్డొస్తాయి. కాబట్టి టికెట్ కొనే ముందు ఇంటిల్లిపాది కార్డులూ టేబుల్ మీద పరచి, ఏ కార్డు చూపించబోతున్నారో అందులో ఉన్న అక్షరాలే టికెట్‌లో వేయించండి. కార్డు సరిచేయించాలంటే నెలలు పట్టొచ్చు, టికెట్‌లో సరిగ్గా వేయించడానికి ఐదు నిమిషాలు చాలు.

ప్రభుత్వ ఉద్యోగులు, టీచర్లు విదేశీ ప్రయాణానికి పై అధికారి అనుమతి ముందుగానే తీసుకోవాలి. సెలవు చీటీ ఒక్కటే సరిపోతుందనుకోవద్దు.

ఎలా వెళ్ళాలి? రైల్లో కుదురుతుందా?

కుదురుతుంది, ఓపిక ఉంటే. బరంపురం హౌరా మెయిన్ లైన్ మీద ఉంది కాబట్టి హౌరా చేరడం కష్టం కాదు. అక్కడి నుంచి రక్సౌల్‌కు మిథిలా ఎక్స్‌ప్రెస్. రక్సౌల్ దాటితే బీర్‌గంజ్, అదే నేపాల్. ఇక్కడే చాలామంది గమనించని లాభం ఉంది. బీర్‌గంజ్ నుంచి హెటౌడా, నారాయణ్‌ఘాట్, ముగ్లింగ్ మీదుగా వెళ్తే ఖాట్మండు కన్నా ముందే త్రిశూలి ఒడ్డు తగులుతుంది. ముందు రాఫ్టింగ్, తర్వాత పశుపతినాథ్ అని పెట్టుకుంటే ఒకే రోడ్డు మీద రెండుసార్లు తిరిగే బాధ తప్పుతుంది. దారిలో చిత్వన్ అడవి కూడా ఉంది.

రాయగడ, జయపురం వాళ్ళు విమానమైతే విశాఖ నుంచి ఢిల్లీ, అక్కడి నుంచి ఖాట్మండు పట్టుకోవడం సులువు. పృథ్వీ హైవే మీద ట్రాఫిక్ జామ్‌లు మామూలే. రాఫ్టింగ్ చేసిన రోజు సాయంత్రమే తిరుగు విమానం పెట్టుకోకండి.

నాకు ఈత రాదు. దిగొచ్చా?

గ్రేడ్ 3 దాకా దిగొచ్చు. మిమ్మల్ని తేల్చేది లైఫ్ జాకెట్. అది వదులుగా ఉంటే మాత్రం ఉన్నా లేనట్టే. తొడుక్కున్నాక పక్కవాళ్ళను భుజాల దగ్గర పట్టుకుని పైకి గుంజమనండి. చెవుల దాకా లేస్తే బిగించలేదన్నమాట. గ్రేడ్ 4 దాటాక ఈత రానివాళ్ళు వద్దు.

వంశధారలో ఈత నేర్చుకున్నామనే ధీమా ఉన్నవాళ్ళతోనే అసలు టెన్షన్. పడగానే అలవాటు కొద్దీ నిలబడబోతారు. ఉరికే నీళ్ళలో కాలు రాళ్ళ సందులో ఇరుక్కుంటే వెనక నుంచి వచ్చే నీళ్ళు మనిషిని ముందుకు తోసి ముంచేస్తాయి, మోకాలి లోతులో కూడా. పడ్డారా, వెల్లకిలా తేలండి. కాళ్ళు నది వెళ్ళే వైపు, బొటనవేళ్ళు నీటి పైకి కనపడాలి. తాడు విసిరితే తాడునే పట్టుకోండి, చేతికి చుట్టుకోవద్దు.

పడవలో అసలేం జరుగుతుంది?

ఆరు నుంచి ఎనిమిది మంది గాలి నింపిన రబ్బరు పడవ అంచు మీద కూర్చుంటారు. వెనక గైడ్. పాదం పడవ అడుగున ఉన్న పట్టీలోకి దూర్చాలి, బిగిసి ఇరుక్కునేంతగా కాదు. తెడ్డుకు పైకొసన టీ ఆకారంలో పిడి ఉంటుంది. ఒక చెయ్యి ఎప్పుడూ దాని మీదే ఉండాలి. అల తగిలి చెయ్యి జారితే ఆ పిడి నేరుగా పక్కవాడి పళ్ళకు తగులుతుంది. రాఫ్టింగ్‌లో దెబ్బలు రాళ్ళకే కాదు, ఈ పిడికి కూడా తగులుతాయి.

గైడ్ అరిచే మాటలు నాలుగైదే. ఫార్వర్డ్ అంటే ముందుకు తెడ్డు వేయాలి, బ్యాక్ అంటే వెనక్కి. స్టాప్ అంటే తెడ్డు ఎత్తి ఆగాలి. గెట్ డౌన్ అంటే అంచు మీద నుంచి లోపలికి దిగి తాడు పట్టుకోవాలి. హై సైడ్ అన్నప్పుడు మాత్రం ఆలోచించకూడదు. పడవ రాయికి ఆనుకుని ఒక పక్క లేస్తోంది, అందరూ లేచిన వైపుకు ఒక్కసారి దూకాలి. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా తప్ప మరోటి అలవాటు లేని పిన్నిగారూ మామ్మగారూ ఉంటే ఇంటి దగ్గరే సోఫా మీద కూర్చోబెట్టి ఈ మాటలు ఆడించండి. నవ్వులాటగా ఉంటుంది గానీ నది దగ్గర పనికొస్తుంది.

త్రిశూలిలో కొన్ని ఉరవడులకు పేర్లున్నాయి, 'అప్‌సెట్', 'లేడీస్ డిలైట్' లాంటివి. మధ్యలో నీళ్ళు నెమ్మదించిన చోట గైడ్ దూకమంటాడు. పుట్టినరోజువాణ్ణి అందరూ కలిసి నీళ్ళలో తోసేది అక్కడే. గైడ్ చెప్పకుండా ఆ సరదా చేయకండి.

ఏం వేసుకోవాలి? పుస్తెలు తీయాలా?

త్వరగా ఆరే టీషర్టు, ట్రాక్ ప్యాంటు, మడమకు పట్టీ ఉన్న శాండల్స్. జీన్స్, చీర, చున్నీ, లుంగీ వద్దు. మామూలు నూలు బట్ట నీళ్ళు పీల్చి బరువెక్కి చలి పుట్టిస్తుంది. స్లిప్పర్లు మొదటి అలకే పోతాయి.

పుస్తెల గురించి అత్తగారూ కోడలూ ఇద్దరూ వేరువేరుగా ఫోన్ చేసి అడిగిన ఇళ్ళున్నాయి. తీయాల్సిందేనని నేను అనను. పొడవు గొలుసు, నల్లపూసలు గదిలో పెట్టేసి, సూత్రాలను పొట్టి పసుపుతాడుకు గుచ్చుకుని బిగుతు టీషర్టు లోపల వేసుకుంటే పైన జాకెట్ అదిమి పెడుతుంది. గాజులు, పట్టీలు, ఉంగరాలు తప్పకుండా తీయాలి. కళ్ళద్దాలకు వెనక తాడు కట్టుకోండి.

నాన్నగారి షష్టిపూర్తికి ఆయన్ని కూడా పడవెక్కించొచ్చా? పిల్లల్ని?

ఆరోగ్యంగా ఉంటే అరవై అడ్డు కాదు. గుండె జబ్బు, మూర్ఛ, ఈ మధ్య ఆపరేషన్, నడుము నొప్పి, ఒకసారి తప్పిన భుజం ఉంటే వద్దు. గర్భిణులు అసలే వద్దు. బీపీ ఉంటే డాక్టర్ని అడగండి. ఆస్తమా ఉన్నవాళ్ళ ఇన్‌హేలర్ గైడ్ దగ్గరుండే తడవని సంచిలో పెట్టించండి. పిల్లలకు కనీస వయసు నదిని బట్టి, కంపెనీని బట్టి మారుతుంది. హెల్మెట్, జాకెట్ వాళ్ళ సైజులో లేకపోతే వయసు సరిపోయినా ఎక్కించకండి.

పెద్దాయన కోసం ఇంకా నెమ్మదైన నది కావాలంటే భూటాన్‌లో పునాఖా చూడండి. మో ఛూ నది మెత్తగా సాగి, పాత కోట పక్కన ఫో ఛూతో కలుస్తుంది. భారతీయులకు పాస్‌పోర్టు లేదా ఓటరు కార్డు చాలు. రాత్రికి మనిషికి 1,200 రూపాయల ప్రభుత్వ రుసుము ఉంది, 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకు అందులో సగం.

కేక్ సంగతి?

క్రీమ్ కేక్‌ను ఖాట్మండులో కొని ఆ రోడ్డు మీద తీసుకెళ్తే పెట్టె తెరిచేసరికి మూతకే అంటుకుని ఉంటుంది. కురింటార్ వైపు రిసార్టులో బస చేస్తే అక్కడే ముందుగా చెప్పండి, గుడ్డు లేకుండా కావాలంటే అది కూడా. నా ఓటు మాత్రం ఛెనాపోడకు, అంటే విరిగిన పాల ముద్దను కాల్చి చేసే ఒడియా మిఠాయికి. విమానంలో వెళ్ళేవాళ్ళు ముందు రోజు కాల్చింది కొని గట్టిగా ప్యాక్ చేయించుకుంటే కోయడానికి కేకులాగే ఉంటుంది, నేపాలీ గైడ్లు కూడా ఇష్టంగా తింటారు. రైలు ప్రయాణమైతే అది నిలవదు, అరిసెలు పట్టుకెళ్ళండి. కొవ్వొత్తులు సరే, అగ్గిపెట్టె విమానం సామానులో పెట్టకండి. నదికి ముందు ఇడ్లీ, అరటిపండు లాంటి తేలిక తిండి చాలు. కేక్, భోజనం ఒడ్డుకొచ్చాకే. పార్టీ అన్నాక బీరు అడిగేవాళ్ళుంటారు. నది అయ్యేదాకా చుక్క కూడా వద్దు, తాగి ఉన్నట్టు తేలితే ఇన్సూరెన్స్ కూడా చెల్లకపోవచ్చు.

రాత్రి పన్నెండుకు ఇంటి నుంచి ఫోన్ చేస్తామంటున్నారు.

నేపాల్ గడియారం మనకన్నా 15 నిమిషాలు ముందు. అక్కడ పన్నెండు కొట్టేసరికి పర్లాకిమిడిలో 11:45. భూటాన్ అరగంట ముందు, బాలి రెండున్నర గంటలు ముందు. బాలి వెళ్తే ఇంట్లోవాళ్ళు రాత్రి తొమ్మిదిన్నరకే ఫోన్ చేసి హాయిగా పడుకోవచ్చు.

డబ్బు, ఫోను?

మన వంద రూపాయలకు 160 నేపాలీ రూపాయలు, ఈ లెక్క మారదు. వంద నోట్లు తీసుకెళ్ళండి, పెద్ద నోట్ల మీద నిబంధనలు మారుతూ ఉంటాయి. 2024 నుంచి అక్కడి చాలా దుకాణాల్లో క్యూఆర్ కోడ్‌కు మన యూపీఐతో కట్టొచ్చు, కానీ నది ఒడ్డున నగదు దగ్గరుండాలి. రోమింగ్ ప్యాక్ లేకుండా ఫోన్ ఆన్ చేయకండి, లేదా అక్కడి సిమ్ తీసుకోండి.

మంచి రాఫ్టింగ్ కంపెనీని ఎలా పట్టుకోవాలి? ఇన్సూరెన్స్ కావాలా?

ధర చివర్న అడగండి. ముందు ఇవి అడగండి: పడవతో పాటు రక్షణ కయాక్ (పడ్డవాళ్ళను అందుకునే ఒక మనిషి చిన్న పడవ) వస్తుందా? గైడ్‌కు ప్రథమ చికిత్స శిక్షణ ఉందా? హెల్మెట్ అందరికీ ఇస్తారా? నీళ్ళు పెరిగితే రద్దు చేసి డబ్బు వెనక్కిస్తారా? 'నేపాల్ అసోసియేషన్ ఆఫ్ రాఫ్టింగ్ ఏజెన్సీస్' అనే సంఘం ఉంది, అందులో సభ్యులా అని అడగడం తప్పు కాదు. ఎక్కే ముందు పావుగంట ఒడ్డున నిలబెట్టి అన్నీ చెప్పని గైడ్ పడవ ఎక్కకండి, డబ్బు పోయినా సరే.

మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో సాహస క్రీడలు సాధారణంగా ఉండవు. విడిగా జత చేయించుకుని, పాలసీలో రాఫ్టింగ్ అనే మాట, ఏ గ్రేడ్ దాకా అనేది ఉన్నాయో లేదో చదవండి.

త్రిశూలి అయిపోయింది. ఇంకా గట్టిది కావాలి.

నేపాల్‌లోనే అరణికో హైవే వైపు భోటేకోసి ఉంది, గ్రేడ్ 4, 5. త్రిశూలి ఎగువన రసువాలో ఉన్నదీ భోటేకోసి పేరే, అది వేరు, బుకింగ్‌లో కంగారు పడకండి. రోజుల తరబడి నది మీదే ఉండాలంటే సున్‌కోసి, రాత్రిళ్ళు ఇసుక తిన్నెల మీద గుడారాల్లో. న్యూజీలాండ్‌లో పిల్లలు చదువుతున్నవాళ్ళు కైటునా నది చూడొచ్చు, అక్కడ పడవ ఏడు మీటర్ల జలపాతం మీద నుంచి దూకుతుంది. ఆఫ్రికాలో విక్టోరియా జలపాతం కింద జాంబెజీ నది గ్రేడ్ 5. నీళ్ళు తగ్గి ఉండే ఆగస్టు నుంచి డిసెంబరు దాకా దానికి అదను.

చెప్పకుండా తీసుకెళ్ళి సర్‌ప్రైజ్ ఇద్దామనుకుంటున్నాం.

ఊరి వరకు దాచండి, రాఫ్టింగ్ దాచకండి. ఆరోగ్యం గురించి రాసి సంతకం పెట్టాల్సింది ఎక్కేవాళ్ళే. నీళ్ళంటే భయం ఉన్న మనిషిని ఒడ్డున అందరి ముందూ నిలబెట్టి కెమెరా ఆన్ చేస్తే కాదనలేక ఎక్కుతారు, మొదటి ఉరవడిలోనే బిగుసుకుపోతారు. అప్పుడు తెడ్డు వేసేవాళ్ళు ఒకరు తగ్గుతారు, గైడ్ చూసుకోవాల్సినవాళ్ళు ఒకరు పెరుగుతారు. కనీసం వారం ముందు చెప్పి, వద్దంటే ఆ రోజు మనకామన రోప్‌వే టికెట్ వాళ్ళ పేర కొనండి.